ఎల్సా విలనేనా?

రష్యన్ జానపద పండితుడు వ్లదీమిర్ ప్రాప్ 1928లో ఒక మొండి సూత్రం చెప్పాడు. కథలో ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నవి తర్వాతి సంగతి, ముందు ఏం చేశారో చూడాలి. అఫనాస్యెవ్ సేకరించిన అద్భుత కథల్లో వందింటిని విప్పి చూసి, వాటిలో జరిగే పనులు 31 రకాలేననీ, పాత్రలు ఏడు తీరులేననీ తేల్చాడు.

డిస్నీ వారి ‘ఫ్రోజెన్’ (2013)కు ఈ లెక్క వేస్తే, రాకుమారుడు హాన్స్ దగ్గర అచ్చంగా సరిపోతుంది. వణికిపోతున్న యువరాణి ఆనా గదిలో అతను తెర లాగేస్తాడు, కొవ్వొత్తిని చేతి తొడుగుల వేళ్లతో నలిపి ఆర్పుతాడు, పొయ్యిలో నీళ్లు పోస్తాడు. ఆ తర్వాత పెద్దల ముందుకెళ్లి ఆనా చనిపోయిందనీ, పోయేముందు తామిద్దరికీ పెళ్లయిందనీ చెప్పి, ఎల్సాపై రాజద్రోహం మోపుతాడు. నకిలీ నాయకుడు లేని హక్కును చాటుకోవడం ప్రాప్ పట్టికలో 24వది.

చిక్కంతా ఆనా అక్క, మంచు శక్తులున్న రాణి ఎల్సాతోనే.

చెల్లెలి గుండెలోకి మంచు దింపింది ఆమే, రాజ్యాన్ని గడ్డకట్టించింది ఆమే. పని ఒక్కటే చూస్తే విలన్ ఆమే. నిజానికి తొలి ముసాయిదాల్లో ఆమె విలనే. రాబర్ట్ లోపెజ్, క్రిస్టెన్ ఆండర్సన్-లోపెజ్ దంపతులు రాసిన ‘లెట్ ఇట్ గో’ పాట విన్నాక కథనే తిరగరాశారు. పాటలో వినిపించింది పగ కాదు, భయం. ఉద్దేశమే కర్మ అన్న బుద్ధుడి తూకంలో పెడితే ఎల్సా దోషం తేలికపడుతుంది. ప్రాప్ పట్టికలో మాత్రం ఉద్దేశానికి గడే లేదు.

అయితే సినిమా ఇద్దరినీ ఒకే తూకంలో పెట్టిందా? ఎల్సా మనసును పాటగా విప్పి చూపించింది. హాన్స్ మనసును చివరిదాకా దాచింది. మంచు కోటలో ఒక సైనికుడు ఎల్సాకు బాణం గురిపెడితే, హాన్స్ పైనున్న దీపగుచ్ఛాన్ని ఓసారి చూసి విల్లు పక్కకు తోస్తాడు. బాణం తగిలి ఆ గుచ్ఛం ఆమె మీదికే కూలుతుంది. కాపాడాడా, చంపబోయాడా? తర్వాతి కథ తెలిస్తే తప్ప తేల్చలేం. పనికి అర్థం కథాగమనమే ఇస్తుందన్న ప్రాప్ మాట ఇక్కడ నెగ్గింది.

శిక్షలు అదే పట్టికలో 30వ అంకె కింద వస్తాయి. హాన్స్‌ను ఓడెక్కించి అన్నల దగ్గరికి పంపారు. ఎల్సాను చంపమని మనుషుల్ని పంపిన వెసెల్టన్ డ్యూక్‌తో వ్యాపారం తెంచేశారు. ఎల్సా మాత్రం రాజకోట ముంగిట మంచు పరిచి జనాన్ని జారుళ్లు ఆడించింది. నడివేసవిలో పడ్డ ఆ మంచుకు ఎవరి చేను పోయిందో, ఎవరి పశువు చచ్చిందో ఒక్కరూ అడగలేదు.