పిల్లల నడక, మందల నడక

ధ్యానభాగము: ఆదికాండము 33:12–17



ఇరువది సంవత్సరముల యెడబాటు తరువాత అన్నదమ్ములు దారిలో కలిసికొనిరి. ఏశావు వెంట నాలుగు వందలమంది మనుష్యులున్నారు. యాకోబు వెంట చిన్నపిల్లలు, ఈనిన పశువులు ఉన్నవి. కౌగిలింతలైన పిమ్మట ఏశావు, కలిసి ప్రయాణము చేయుదము రమ్మనెను. యాకోబు దానికి సమ్మతింపలేదు. ఒక్క దినము త్వరపెట్టి తోలినను తన మంద బ్రదుకదని యెరిగి, అన్నను ముందు సాగిపొమ్మని వేడుకొని, తాను పిల్లల అడుగులను చూచుకొనుచు వెనుక నడచెను. పిమ్మట సేయీరుకు వత్తునని చెప్పిన మాట తప్పి సుక్కోతుకు తరలిపోయెను. కావున అతని మాటను మీకు మాదిరిగా చూపుట లేదు. అతని నడకను మాత్రమే చూపుచున్నాను.

గడచిన శ్రమకాలపు దినములలో ఈ వాక్యభాగము నన్ను విడువలేదు. కారణము చెప్పుచున్నాను.

మా సంఘములో పెరిగిన యొక యువకుడు హైదరాబాదు నగరమందు సినిమా చిత్రీకరణలలో లైటుమాన్ పని చేయుచు, కృష్ణానగరులో నలుగురితో కలిసి యొక గదిలో నివసించుచున్నాడు. రాత్రి పని ముగించుకొని తెల్లవారుజామున ఫిలింనగరు నుండి సైకిలుపై దిగివచ్చుచుండగా, రోడ్డు ప్రక్కన నిలిచియున్న కారు తలుపు హఠాత్తుగా తెరచుకొని అతని పడగొట్టెను. భుజము ఎముక విరిగెను. తలుపు తీసినవారు దిగి చూచి, మరల ఎక్కి వెళ్లిపోయిరట. అతని లేవనెత్తినవాడు ఒక ఆటో తోలువాడు. ఈ కబురు విని నేను అతని చూడబోయితిని.

జూబ్లీహిల్సు పేరులోనే కొండ యున్నది. బండరాళ్ల నడుమ వేసిన ఆ రోడ్లు సైకిలువానికి ఎక్కునప్పుడు ఆయాసము, దిగునప్పుడు భయము. చిత్రపరిశ్రమ మద్రాసు నుండి క్రమముగా తరలివచ్చిన కాలమున, 1976లో అన్నపూర్ణ స్టూడియో ఆ సమీపముననే తెరువబడెను. పిమ్మట ఫిలింనగరు వెలసెను. తెరమీద కనబడువారు పైన కార్లలో తిరుగుదురు. దీపములు మోయువారు, వంటపాత్రలు కడుగువారు, గుంపులో నిలుచుండు నటులు క్రింద కృష్ణానగరులోను యూసుఫ్‌గూడలోను కాపురముండి, నడచియో, బస్సెక్కియో, సైకిలు త్రొక్కియో పైకి వత్తురు. పత్రికలు వేయు పిల్లలు, కాపలావారు, టీ అమ్మువారు సయితము ఆ దారినే వత్తురు.

ఆదివారము తెల్లవారగనే కె.బి.ఆర్. పార్కు చుట్టు మరియొక విధమైన సైకిళ్లు కనబడును. వాటిలో కొన్నింటి వెలకు మా ఊర ఒక పాడిగేదె వచ్చును. ఆరోగ్యమునకై త్రొక్కు ఆ సహోదరులను తప్పుపట్టను. వారి కొరకు బాహ్యవలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల సైకిలుబాట 2023 అక్టోబరు 1న ప్రారంభింపబడెను. పైన సౌరఫలకముల నీడయు ఉన్నది. మంచి పనియే. కాని మా లైటుమాన్ పనికి పోవు దారి అటు పోదు.

ఇక నా సంగతి. ఆ సాయంత్రము ఒక విశ్వాసి యింట ప్రార్థనకూటము. నన్ను తీసికొనివచ్చుటకు ఆయన కారు పంపెను. ఆలస్యమైనది. "బాబూ, కొంచెం తొందరగా పోనియ్యి" అని డ్రైవరుతో అన్నవాడను నేనే. చెక్ పోస్టు దాటిన తరువాత ఎత్తునందు ఒక టీ కుర్రవాడు వెనుక పెద్ద టీ క్యాను కట్టుకొని, సీటు మీదనుండి లేచి నిలిచి త్రొక్కుచుండెను. మా డ్రైవరు వాని వెన్నంటి గట్టిగా హారను మ్రోగించెను. కుర్రవాడు ఉలికిపడి ప్రక్కకు తిప్పగా చక్రము ఇసుకలో జారి, క్యాను పడి, టీ అంతయు రోడ్డుపాలయ్యెను. మేము ఆగలేదు. నేను ఒకసారి వెనుకకు తిరిగి చూచితిని, అంతే.

ఆ కూటమునకు నేను సిద్ధపరచుకొనిన వాక్యము లూకా సువార్త పదియవ అధ్యాయము. యెరూషలేము నుండి యెరికోకు పోవు ఆ దారి పాతిక కిలోమీటర్లలో దాదాపు వెయ్యి మీటర్లు దిగును. ఆ దిగుడులో గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయిన మొదటివాడు యాజకుడు. ఎన్నిమారులో ప్రసంగించిన ఆ మాట ఆ రాత్రి నా గొంతులో అడ్డుపడెను. సమరయునికిని వాహనమున్నది. అతడు దిగి, పడియున్నవానిని దానిపై కూర్చుండబెట్టెను. మిగిలిన దారి తాను నడచియే యుండవలెను.

మోటారు తోలు సహోదరులారా, మీరు నాకంటె చెడ్డవారని నేననను. అయితే లెక్క వినుడి. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, కాలు బ్రేకు చేరులోపల గడచు ఒక్క సెకనులోనే దాదాపు 17 మీటర్లు పోవును. వేగము రెండింతలైనచో, బ్రేకు పడిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. జర్మనీ దేశమున, పట్టణములలో సైకిలును దాటు మోటారు ఒకటిన్నర మీటరు ఎడము ఇయ్యవలెనని 2020 నుండి చట్టమున్నది. అది మన బారకు కొంచెము తక్కువ. తలుపు సంగతియు అట్లే. కుడి తలుపును ఎడమచేతితోను, ఎడమ తలుపును కుడిచేతితోను తీసిచూడుడి. మొండెము తిరుగును, కన్ను వెనుకకు పోవును. ఆ యొక్క అలవాటున్నచో మా కుర్రవాని ఎముక విరిగెడిది కాదు. మిద్దెకు పిట్టగోడ కట్టించమని మోషే ధర్మశాస్త్రము ఇంటి యజమానికి ఆజ్ఞాపించినది, పడబోవువానికి కాదు.

పోలీసులకు భయపడి ఆగలేదని కొందరందురు. గాయపడినవానికి వైద్యము అందునట్లు చూచుట మోటారు తోలువాని విధియని 1988 నాటి చట్టమే చెప్పుచున్నది. దారిని పోవుచు సహాయము చేసినవానిపై నేరము మోపరాదని 2019లో దానికి సవరణ వచ్చెను.

సైకిలువారితోను ఒక మాట. ఎదురుదారిన రాకుడి. యూటర్ను దూరమనియు, కారువానికి పెట్రోలు ఖర్చగుచోట మీకు పిక్కలబలము ఖర్చగుననియు ఎరుగుదును. అయినను రాకుడి. రాత్రి వెనుక ఎఱ్ఱదీపము లేక కదలకుడి. మా తాతగారు బండి ఇరుసుక్రింద లాంతరు కట్టనిదే ఎద్దులను పూన్చెడివారు కారు. మా లైటుమాన్ రాత్రియంతయు ఇతరుల ముఖములమీద వెలుగు పట్టి, తన సైకిలుకు దీపము లేకయే యింటికి వచ్చుచుండెను. చెప్పినప్పుడు నవ్వి, "మర్చిపోయానండి అయ్యగారూ" అనెను.

కొరింథు సంఘములో కలిగినవారు ముందుగా వచ్చి భుజించి, పని తీరి ఆలస్యముగా వచ్చు బీదలకు ఏమియు మిగులనియ్యలేదు. ఒకరికొరకు ఒకరు ఆగవలెనని పౌలు వారికి వ్రాసెను. మన సంఘములలోను కారు దిగినవారు, సైకిలు గోడకు ఆన్చినవారు ఒక్క రొట్టెలోనే పాలుపొందుదురు. గేటు దాటి రోడ్డెక్కగనే, బల్ల యొద్ద మనకొరకు ఆగినవానిమీదనే హారను మ్రోగింతుము.

మరునాడు ప్రొద్దుట ఊరికి పోవు బస్సు మాని చెక్ పోస్టు వద్ద వెదకితిని. రెండు గంటలకు ఆ కుర్రవాడు కనబడెను. జరిగినది చెప్పి, క్షమింపుమని అడిగితిని. వాడు నావంక వింతగా చూచి, "రోజూ ఉండేదే సార్. హారన్ వినగానే నేనే దిగిపోవాల్సింది" అనెను. డబ్బు చేతిలో పెట్టితిని. లెక్కచూచుకొని, పోయిన టీ ఖరీదు మాత్రము ఉంచుకొని, మిగిలినది తిరిగి యిచ్చెను. పిమ్మట ఒక కప్పు టీ పోసి నా చేతికిచ్చి, సైకిలు త్రోసికొనుచు ఎత్తు ఎక్కసాగెను.