ఎడమవైపు ఫొటో

బావగారికి నేను పంపిన ఫొటో ఎడమవైపు నుంచి తీసింది. వెనకనుంచి తీసి ఉంటే తోక మెలిపడిన సంగతి బయటపడేది. ఈ ఒక్క మాట ఆయనతో చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

యాభై రెండేళ్లు వచ్చాక మొదటిసారి ప్లాస్టిక్ మోడల్ కిట్ కొన్నాను. పెద్ద పెద్ద ముక్కలుండే మామూలు విమానంతో మొదలుపెట్టమని దుకాణంలో అబ్బాయి చెప్పాడు. వినలేదు. లామా హెలికాప్టరే కావాలన్నాను. మన సైన్యం చీతా అని పిలిచేది దాన్నే. బెంగళూరు హెచ్.ఏ.ఎల్.లో తయారై సియాచిన్ పోస్టులకు సరుకులు మోసింది. బావగారు సైన్యంలో చాలా ఏళ్లు వాటి మరమ్మతులు చూశారు. ఆయనకిష్టమని కొన్నానని అక్కతో చెప్పాను కానీ, నాకు కావలసింది ఆయన నోట ఒక మెచ్చుకోలు.

ఆ హెలికాప్టర్ గురించి ఆయన చెప్పేటప్పుడు గొంతు తగ్గిపోయేది. వేడిలోనూ కొండల ఎత్తులోనూ బరువు మోసేది కావాలని మన సైన్యం అడిగితే, ఫ్రెంచివాళ్లు అలుయెట్ 2 ఒంటికి అలుయెట్ 3 ఇంజనూ రోటరూ అమర్చి 1969లో ఎగరేశారు. 1972 జూన్ 21న పైలట్ జాఁ బూలే దాన్ని 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. దిగబోతుంటే ఇంజన్ ఆగిపోయింది. కిందినుంచి కొట్టే గాలికే రెక్కలు తిరుగుతుండగా నేల దాకా దించుకొచ్చాడు.

దాని తోకకు పైన రేకు ఉండదు, అంతా గొట్టాల జాలీ. అసలు రోటర్ వ్యాసం 11 మీటర్లు, 72వ వంతు బొమ్మలో 15 సెంటీమీటర్లు. ఆ లెక్కన జాలీ గొట్టాలు గుండుసూదుల్లా ఉంటాయి. చట్రంనుంచి కత్తిరించేటప్పుడే రెండు విరిగాయి. ఈ కిట్లకు వాడే జిగురు మామూలు జిగురులా అంటించదు, ప్లాస్టిక్‌ను కరిగించి రెండు అంచుల్నీ ఒకటి చేస్తుంది. ఆ కరిగినది గట్టిపడేదాకా, అంటే కనీసం ఒక రాత్రి, వదిలేయాలి. నేను నలభై నిమిషాలకే ఎత్తి పట్టుకుని చూశాను. జాలీ కుడివైపుకు మెల్లగా తిరిగింది. నా చేతిలోనే తిరగడం చూశాను. చూసి కూడా రంగు వేసేశాను.

ఫొటో చూసి బావగారు, "రెక్కల ట్రాకింగ్ చూశావా?" అని అడిగారు. తిరిగేటప్పుడు మూడు రెక్కల కొనలూ ఒకే దారిలో పోవాలి. పోకపోతే మిషనంతా వణుకుతుంది. కొనలకు ఒక్కోదానికి ఒక్కో రంగు పూసి, అంచుకు గుడ్డ తాకించి, దానిమీద పడ్డ మచ్చల్ని బట్టి సరిచేసేవారట. "వెనకనుంచి ఒకటి తీసి పంపు" అన్నారు. వెలుతురు బాగాలేదన్నాను. అప్పుడు మిట్టమధ్యాహ్నం.

ఆ అబద్ధం నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందా అని తర్వాత ఆలోచించాను. అలవాటు. ఆఫీసులో లెక్క తేలని అంకెల్ని నివేదిక చివరి పేజీల్లోకి తోసి, మొదటి పేజీ అందంగా టైపు చేయించిన రోజులు గుర్తొచ్చాయి. వాటిని ఎవరూ అడగలేదు. అడగకపోవడాన్ని నేను పనితనం అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఎందరి ప్రాణాలో మోసిన బావగారి చేతులు ఎదుట ఉన్నట్టు సిగ్గుగా ఉంది.

నిన్న కాక మొన్న ఫోన్ చేసి చెప్పేశాను. కాసేపు ఆయన మాట్లాడలేదు.

"ఎంతసేపు ఆరనిచ్చావు?"

"నలభై నిమిషాలు, బావగారూ."

"కోసెయ్. మళ్లీ అతుకు."

సన్నటి రంపంతో తోకను మొదలంటా కోశాను. ఇప్పుడు అది గ్రాఫ్ కాగితం మీద, గుండుసూదుల మధ్య, అగ్గిపుల్లల ఆసరాతో పడుకుని ఉంది. ఇది రెండో రాత్రి. నా వేళ్లు మూడుసార్లు దాని దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. పొద్దున్నే వెనకనుంచి ఫొటో తీసి పంపాలి.