ఆ ఒక్క కుర్చీ

పాట వినడానికి లక్షలు పోసి స్పీకర్లు కొనేవాళ్ళని చూసి మనలో చాలామంది ముక్కున వేలేసుకుంటారు. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసిన పట్టుచీరకి డబ్బు పోస్తే ముచ్చట, సంగీతానికి పోస్తే దుబారానా? నాకలా తోచదు. నా పేచీ అంతా కుర్చీతోనే.

రెండు స్పీకర్ల స్టీరియోలో ఒక చిత్రం ఉంది. రెండు స్పీకర్లూ, వినే మనిషీ ముగ్గులో మూడు చుక్కల్లా సమదూరంలో ఉంటేనే గాయని ఎదురుగా కూచుని పాడుతున్నట్టుంటుంది. మూరెడు పక్కకి జరిగారా, ఆవిడ కాస్తా దగ్గరి స్పీకరులోకి వెళ్ళిపోతుంది! ఎంత ఖరీదు పెట్టినా సరైన చోటు ఒక్కటే. గది చిన్నదైనకొద్దీ ఆ చోటు మరీ ఇరుకు.

మన ఇళ్ళలో పాట వినే గది అంటూ వేరే ఏముంటుంది? పదడుగులకి పదడుగుల ముందుగది. అందులోనే మంచం, బీరువా, పిల్లల పుస్తకాలూ. అలాంటి గదిలోకి నిలువెత్తు స్పీకర్లు తేవడమంటే డబ్బిచ్చి హోరు కొనుక్కోవడమే. ఎదురెదురు గోడల మధ్య పదడుగులే ఉంటే, సెకనుకి సుమారు 56 కంపనాల మంద్రధ్వని వాటి మధ్య చిక్కుకుని ఉబ్బిపోతుంది. పొడవూ వెడల్పూ సమానమైతే రెండు జతల గోడలూ అదే ధ్వనిని ఉబ్బిస్తాయి. పరదాలు కట్టి లాభం లేదు. పలచటి గుడ్డ సన్నని ధ్వనుల్ని కాస్త మింగుతుందేగాని మంద్రం జోలికి పోదు. జాగా లేదని స్పీకర్ని మూలకి నెట్టారో, ఇంకా ఘోరం. చిన్న గదికి చిన్న స్పీకరే అందం. 1970లలో బి.బి.సి. వాళ్ళు బయటి ప్రసారాల వ్యానుల్లాంటి ఇరుకు చోట్ల వినడానికి ఎల్.ఎస్. 3/5ఎ అని పుస్తకాల అరలో పట్టేంత పెట్టె ఒకటి తయారుచేశారు. మనిషి గొంతు అందులో సహజంగా పలుకుతుందని ఇప్పటికీ వెతికి కొనుక్కునేవాళ్ళున్నారు. గోడలు అదిరేలా మోగడం మాత్రం దానివల్ల కాదు. పక్కింటివాళ్ళ అదృష్టం!

సరే, తగిన స్పీకర్లే వచ్చాయి. కుర్చీలో ఎవరు కూచుంటారు? అడగాలా! ఆయన కళ్ళు మూసుకుని తంబురా శ్రుతిలో తేలుతుంటే, ఆవిడ వంటింటి గడప దగ్గర టమోటాలు తరుగుతూ (ఈ ఊళ్ళో వాటికేం తక్కువ) అదే పాటని పోపు చిటపటల మధ్య వింటుంది. "నీకూ వినిపిస్తోందిగా" అంటాడాయన. చెవిన పడటం వేరు, వినడం వేరు. 1895లో ఈ మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, మనసు పెట్టి వినడమంటే ఏమిటో ఎన్నో ప్రసంగాల్లో చెప్పారు. పొయ్యిమీద పప్పు ఉన్న మనిషికి అలా వినే తీరిక ఎవరిస్తారు?

"పాటంటే నలుగురూ కలిసి వినేది, ఒక్కరికోసం ఇంత హంగామా ఎందుకమ్మా" అంటారు కొందరు. నిజమే. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు ఈ ఊరి థియొసాఫికల్ కాలేజీలో జనగణమన పాడినప్పుడు విన్నవాళ్ళు కూడా గొంతు కలిపారు. ఆ బాణీకి స్వరాలు రాయడంలో సాయపడింది ప్రిన్సిపాలుగారి భార్య మార్గరెట్ కజిన్స్. అలాంటి పాటకి ప్రత్యేకమైన కుర్చీ ఎందుకు? కాని ఇల్లాలికి నలుగురితో గడిచే గంటలకి లోటేం లేదు. ఒంటరిగా, ఏ పనీ లేకుండా, తనకోసం కూచునే గంటే కరువు. అందుకే స్వార్థమన్నా సరే, ఆ కుర్చీ ఆవిడకీ కావాలంటాను. ఆవిడ కూచున్నప్పుడు పిల్లల చదువు, మామగారి కునుకు చెడకూడదుగా అంటారేమో. ఆయన కూచున్నప్పుడు రాని ఆ సందేహం ఇప్పుడెందుకొచ్చింది? అయినా సమాధానం ఉంది: తగ్గించి పెట్టినా గొంతు స్పష్టంగా పలికే స్పీకర్నే ఏరుకోండి.

కొట్టుకి ఇద్దరూ కలిసే వెళ్ళండి. బాగా తెలిసిన పాట ఒకటి పెట్టించి, మధ్య కుర్చీలో ఆయన పది నిమిషాలూ మీరు పది నిమిషాలూ కూచోండి. మీ వంతులో ఆయన చేతిసంచి పట్టుకుని ఓపిగ్గా నిలబడతాడో, గడియారం చూసుకుంటాడో ఓ కంట కనిపెట్టండి. ఇంటికొచ్చాక రోజూ ఏ గంట మీదో కూడా అక్కడే తేల్చుకోండి, బిల్లు కట్టకముందే.