ఏం కాదులే!

మన తెలుగువాళ్ళకి ధైర్యం చెప్పడానికి ఒకే ఒక్క మాట ఉంది - "ఏం కాదులే!" పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడితే ఏం కాదులే. గోడ బీటలిస్తే ఏం కాదులే. వంటింట్లో గ్యాసు వాసనేస్తే, "కిటికీ తియ్యి, ఏం కాదులే." ఆ మాట విన్నప్పుడల్లా నాకో అనుమానం. ఏమీ కాదని తెలిసి అంటున్నారా, తెలుసుకోవడం ఇష్టంలేక అంటున్నారా అని. పైకి రెండూ ఒకే మాట. చెప్పే గొంతు కూడా ఒకటే.

ఈ మధ్య ఆ అనుమానం ఒక కారు పుణ్యమా అని నన్ను బాగా పట్టుకుంది.

కారు నడిపే సోదరీమణులు చూసే ఉంటారు. స్టీరింగు వెనకాల ఓ చిన్న ఎర్రదీపం ఉంటుంది. సున్నాలో ఆశ్చర్యార్థకం, దానికి అటూ ఇటూ రెండు వంపుగీతలు. తాళం తిప్పగానే వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. ఆరకపోతే బ్రేకుల సంగతేదో చూసుకోమని అర్థం. ఏ సంగతి అన్నది మాత్రం చెప్పదు. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించకపోయినా అదే దీపం, బ్రేకు ఆయిలు తగ్గినా అదే దీపం. అత్తగారు మూతి ముడుచుకు కూర్చుంటే కాఫీ చల్లారినందుకో, కూతురి దగ్గర్నించి ఫోను రానందుకో మనమే వెతుక్కోవాలి చూడండి, అచ్చం అలాగే.

ఆయిలు అంటున్నాంగానీ అది నూనె కాదు. మనం కాలితో పెడల్ నొక్కితే ఆ బలాన్ని గొట్టాల గుండా చక్రాల దాకా మోసుకుపోయే ద్రవం. అది తగ్గడానికి రెండు కారణాలుంటాయి. ఎక్కడో కారుతూ ఉండొచ్చు. లేదా చక్రాల దగ్గరి బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్లు ముందుకి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ద్రవం చేరుతుంది, పైన డబ్బాలో మట్టం దిగుతుంది. ఏ కారణమో చూడకుండా డబ్బా నింపేసి దీపం ఆర్పుకోవడం, జ్వరం ఎందుకొచ్చిందో అడక్కుండా మాత్ర మింగించడం లాంటిది.

నెల్లూరులో మా అన్నయ్య కారుకి ఆ దీపం ఆరడం మానేసింది. మూడు రోజులైందట. ఆ కారులోనే తిరుమల ప్రయాణం - మా వదిన మొక్కు. అన్నయ్యా, వదినా, నేనూ, మేనకోడలి పిల్లలిద్దరూ.

"బ్రేకులు బంగారంలా పడుతున్నాయే! ఏం కాదులే. అయినా వెళ్ళేది ఆయన కొండకి. ఆయనే చూసుకుంటాడు" అన్నాడు అన్నయ్య.

బి.ఏ.లో ఫిలాసఫీ ఎందుకమ్మా అని మా నాన్నగారు అడిగితే ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్పేదాన్ని. అన్నయ్య ఆ మాట అనగానే నాకు క్లిఫర్డ్ గుర్తొచ్చాడు. విలియం కింగ్డన్ క్లిఫర్డ్ అని ఇంగ్లండులో లెక్కల పండితుడు, 1879లో ముప్ఫై మూడేళ్ళకే పోయాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1877లో, నమ్మకాలకి కూడా నీతి ఉంటుందంటూ ఒక వ్యాసం రాశాడు. అందులో ఓ ఓడ యజమాని ఉంటాడు. పరదేశం వలసపోయే కుటుంబాలని ఎక్కించాలి. ఓడ పాతది, చాలాసార్లు మరమ్మతులు చేసింది. బాగుచేయిస్తే డబ్బు ఖర్చు. ఆయనకి మనసులో గుబులే. అయినా ఇన్ని తుఫానులు దాటింది కదా, ఇంతమంది అభాగ్యుల్ని దేవుడు కాపాడకపోతాడా అని తనకి తాను నచ్చజెప్పుకుని, నిజంగానే నమ్మేసి, ఓడని పంపేస్తాడు. అది నడిసముద్రంలో మునిగిపోతుంది. ఆయన బీమా డబ్బు తీసుకుంటాడు.

మా అన్నయ్య అంత దుర్మార్గుడు కాదు. ఓడ యజమాని ఒడ్డునే ఉండిపోయాడు, అన్నయ్య పిల్లలతో పాటు కారులోనే కూర్చుంటాడు. ఆయన ధీమాకి ఆధారం లేదని కూడా అనను. పాతికేళ్ళ డ్రైవింగు. పెడల్ గట్టిగా ఉందని కాలు చెప్పడం కూడా సాక్ష్యమే. కానీ కాలికి తెలిసేది ఇవాళ్టి బ్రేకు, దీపం చెప్పేది రేపటిది కావచ్చు. పైగా వెళ్ళేది ఘాట్ రోడ్డు. కొండ దిగేది 1944లో వేసిన పాత దారిన, ఒకదాని వెంట ఒకటి మలుపులు. గేరు తగ్గించకుండా బ్రేకు మీదే దిగితే చక్రాల దగ్గర అంతా కాలిపోతుంది. ఆ ద్రవం గాలిలోని తడిని పీల్చుకునే రకం. డాట్ 4 రకమైతే కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు. తడి చేరాక 155కే మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఎదురుగా వచ్చే మలుపుకి మన మొక్కు సంగతి తెలీదు కదా!

మెకానిక్‌కి చూపిస్తేగానీ కారెక్కనన్నాను. "కథలు రాసుకునేదానివి, బండి సంగతి నీకెందుకే?" అంటూనే తీసుకెళ్ళాడు.

ఆ కుర్రాడు ఏ పనిముట్టూ ముట్టుకోకుండా ముందు హ్యాండ్‌బ్రేకు పైకి లాగి, పూర్తిగా కిందికి నొక్కాడు. దీపం ఆరలేదు. బానెట్ ఎత్తి డబ్బా చూశాడు. ద్రవం పై గీత దగ్గరే ఉంది. చక్రాల లోపలివైపు తడి ఉందేమో వంగి చూశాడు. పెడల్ నొక్కిపట్టి దిగుతుందేమో చూశాడు. డబ్బా దగ్గరి మట్టం చెప్పే స్విచ్చి వైరు ఊడదీశాడు, దీపం అలాగే ఉంది. అంటే తప్పు అక్కడ లేదు. ఆ వైరు తిరిగి పెట్టేసి, హ్యాండ్‌బ్రేకు కింది మూత తీశాడు. అక్కడ ఇంకో చిన్న స్విచ్చి. దాని వైరు తీయగానే దీపం ఆరిపోయింది. స్విచ్చి నిండా పిల్లలు తిన్న మురుకుల పొడి!

"ఆ వైరు అలాగే వదిలెయ్ నాయనా, టైమైపోతోంది" అన్నాడు అన్నయ్య.

"ఆరడం ఎంతసేపు సార్? వెలగాల్సినప్పుడు వెలగాలి కదా" అంటూ శుభ్రం చేసి బిగించాడు. తాళం తిప్పి దీపం వెలగడం, ఆరడం రెండూ మాకు చూపించాడు. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోయినా తేలిగ్గా తీసుకోకూడదట.

"చెప్పలా? ఏం కాదని!" అన్నాడు అన్నయ్య, విజయగర్వంతో.

క్లిఫర్డ్ అసలు చిక్కు పెట్టింది ఇక్కడే. ఓడ మునక్కుండా క్షేమంగా చేరిందనుకోండి, యజమాని తప్పు తగ్గుతుందా అని అడిగాడు. రవ్వంత కూడా తగ్గదన్నాడు. నమ్మింది నిజమా అబద్ధమా అన్నది కాదు, చూసిన సాక్ష్యాన్ని బట్టి అలా నమ్మే హక్కు ఉందా లేదా అన్నదే లెక్క. పొద్దున అన్నయ్య అన్న "ఏం కాదులే", గంట తర్వాత మెకానిక్ అన్న "ఏం కాదులెండి" అక్షరం తేడా లేని మాటలే. ఒకదాని వెనక వంగి చూసిన నడుముంది.

ఇది మరీ చాదస్తం అనేవాళ్ళూ ఉన్నారు. 1896లో విలియం జేమ్స్ అనే అమెరికన్ తత్వవేత్త క్లిఫర్డ్‌కి జవాబిచ్చాడు. కొన్ని విషయాల్లో సాక్ష్యం వచ్చేదాకా ఆగితే బతుకే ఆగిపోతుంది, నమ్మి అడుగు వేయాల్సిందే అన్నాడు. నిజమే. పెళ్ళి చేసుకునేముందు బానెట్ ఎత్తి చూడటం కుదురుతుందా? స్నేహమైనా అంతే. ముందు నమ్మితేనే నమ్మకానికి తగ్గ మనిషి దొరుకుతాడు. కానీ బ్రేకు మన నమ్మకాన్ని చూసి మురిసిపోయి బాగా పనిచేయదు. జేమ్స్ ఇచ్చిన సెలవు చీటీని మనం ఎత్తగలిగిన బానెట్లకి కూడా వాడేసుకుంటున్నామేమోనని నా బాధ.

దర్శనం బాగా జరిగింది. దిగుతున్నప్పుడు అన్నయ్య సెకండు గేరులోనే వచ్చాడు, నా పోరు పడలేక. వదిన కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మా ఇంట్లో ఏ దీపమూ వెలగని మనిషి ఆవిడే. ఇరవై ఎనిమిదేళ్ళుగా తలనొప్పని కూడా అనగా వినలేదు. కొండమీద నాలుగు మెట్లెక్కి ఆగిపోయింది. ఇంకో నాలుగెక్కి మళ్ళీ ఆగింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"ఎన్నాళ్ళనించి వదినా ఈ ఆయాసం?" అన్నాను.

"ఉగాది ముందునించీ. తగ్గుతుందిలే. ఏం కాదు."

ముందు సీట్లోంచి అన్నయ్య అద్దంలో ఆవిణ్ణి చూశాడు. ఈసారి ఆయనేమీ అనలేదు.

గురువారం డాక్టరు దగ్గరికి, రక్తపరీక్షకి అని మాట తీసుకున్నాను. నిన్న ఫోను చేసింది. శుక్రవారం వరలక్ష్మీవ్రతం ఉందిట, ఇంటినిండా పనిట, ఆ హడావిడి అయ్యాక చూద్దామంటోంది. నేను ఒప్పుకోలేదు. పూర్ణాలూ బూరెలూ నేను వచ్చి చేస్తానని చెప్పి, బుధవారం రాత్రి రైలుకి టిక్కెట్టు తీశాను.