పరాభవ నామ సంవత్సరము - షట్‌స్థల సాధన

2026 మార్చి 19వ తేదీ ఉగాదితో ఆరంభమగు సంవత్సరమునకు పరాభవ నామము. అరువది సంవత్సరముల చక్రమున ఇది నలువదవది. ఇంతకు ముందు 1966లో వచ్చినది. పరాభవమనగా ఓటమి, అవమానము. పేరు వినగానే ‘శుభమైన పేరు కాదే’ యని నొసలు చిట్లించు పెద్దలు కలరు. నాకు మాత్రము ఈ పేరు యుక్తముగనే తోచుచున్నది. ఉగాదినాడు మనము చేసికొను ప్రతిజ్ఞలలో అధికభాగము ఓటమి పాలగునవియే కదా! ఓడిన మనస్సును ఏమి చేయవలెను? ద్వేషింపవలెనా, క్షమించి ఊరకుండవలెనా? మనలను మనము ఉన్నట్లు ఒప్పుకొన్నచో ఎదుగుదల నిలిచిపోవునా? ఇది విచారింపదగిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురుకాలేదు. భద్రాచలము అడవుల అంచున ఒక పాఠశాలలో తెలుగు చెప్పుచున్న కాలమున ప్రతి ఉగాదికిని ఒకే ప్రతిజ్ఞ చేసెడివాడను: ఈ యేడు పిల్లలపై కోపగింపను. ఒక యేడు ఆ ప్రతిజ్ఞ నెల దినములైనను నిలువలేదు. ఒంటిపూట బడి దినములలో ఒక కోయ బాలుడు వరుసగా మూడు నాళ్లు ఆలస్యముగా వచ్చెను. కారణ మడుగక, తరగతి ఎదుట నిలువబెట్టి పరుషముగా మాటలాడితిని. మరునాటి నుండి వాడు రాలేదు. వార్షిక పరీక్షలు సమీపించినవి.

నాలుగవనాడు వాని గూడెమునకు పోయితిని. అది తునికాకు కోతల కాలము. వేకువనే అడవికి పోయి ఆకు కోసి తెచ్చి, ఏబది ఆకుల కొక కట్ట చొప్పున కట్టి కల్లమున అప్పగించిననే డబ్బు చేతికి వచ్చును. తల్లికి తోడుపోవుటచేతనే బాలునకు ఆలస్యమైనది. ఆమె ‘కూర్చోండి సారూ’ అన్నది. నాతో మాటలాడుటచే ఆమె లెక్క తప్పినది. చేతిలోని ఆకులను ఒడిలోనికి దింపి, మరల ఒకటి నుండి ఎంచ మొదలిడినది. విసుగుకొనలేదు, ప్రక్కన పేర్చిన కట్టలను విప్పలేదు. బాలుని పిలిచి ‘తప్పు నాదిరా’ అని చెప్పితిని. వాడు తలయూపెను, నవ్వలేదు. పరీక్షలకు వచ్చెను గాని, మునుపటివలె చేయి యెత్తి నన్ను ప్రశ్న అడుగుట మానినాడు.

తిరిగివచ్చు దారిలో ఆమె చేతులే కన్నులలో మెదలినవి. లెక్క తప్పినదని ఒప్పుకొననిచో ఆ కట్ట కల్లమున చెల్లదు. తప్పినదని కట్టలన్నియు విప్పిపారవైచినచో దినమంతయు వ్యర్థమగును. నేను ఏండ్ల తరబడి ఈ రెండు తప్పులును చేయుచుంటిని. ఒకప్పుడు ‘నా స్వభావ మింతే’ యని సరిపెట్టుకొంటిని. ఒకప్పుడు ‘ఎందుకును పనికిరాను’ అని క్రుంగితిని. ‘నేను ఇట్టివాడను’ అనుట సత్యము. ‘నేను ఇంతే’ అనుట సోమరితనము. ‘ఎందుకును పనికిరాను’ అనునదియు వినయము కాదు. తనయందు తప్పు ఉండరాదని లోలోపల గర్వించువానికే తన తప్పు అంత దుస్సహమగును.

వీరశైవులమైన మనకు దీని సమాధానము మన మెడలోనే కలదు. పసిబిడ్డకు లింగధారణ చేయు ఆచారము మన యిండ్లలో నున్నది. ఆ శిశువు ఏ వ్రతము చేసెను? ఏ దోషమును జయించెను? ‘ముందు నీవు మంచివాడవు కమ్ము, పిదప లింగము నిత్తును’ అని గురువు అనడు. ముందు లింగము, పిదప సాధన. ప్రతిదినమును ఎడమ అరచేత ఇష్టలింగమును నిలిపి పూజింతుము. నిన్న తప్పు చేసిన చేయియు అదియే. లింగము ఆ చేతిని కాదనలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన ముగ్ధ భక్తుల కథల మర్మమిదియే. శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియైన బెజ్జమహాదేవి శాస్త్ర మెరుగదు. శివుడు ఆమెను ఆమె ఉన్నట్లే స్వీకరించెను.

అట్లని తొలిమెట్టుననే కూర్చుండుట మన ధర్మము కాదు. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్యములని ఆరు స్థలములు. వీనిలో భక్తి క్రమముగా శ్రద్ధ, నిష్ఠ, అవధానము, అనుభవము, ఆనందము, సమరసము అను రూపములు దాల్చును. స్థలమనగా నిలుచుచోటు. తాను ఎచ్చట నిలిచియున్నాడో ఎరుగనివాడు తరువాతి అడుగు ఎచ్చట వేయగలడు? కావున ఒప్పుకోలు సాధనకు శత్రువు కాదు, దానికి నేల. సొన్నలిగె సిద్ధరాముడు చెరువులు త్రవ్వించి, గుడులు కట్టించి ప్రసిద్ధుడైనవాడు. అంతటివాడును అల్లమప్రభువు బోధచే తన లోటు నెరిగి, కల్యాణమునకు వచ్చి, చెన్నబసవేశ్వరునిచే ఇష్టలింగ దీక్ష పొందెనని శరణుల చరిత్ర చెప్పుచున్నది. లోటు తెలిసినదని తాను త్రవ్వించిన చెరువులను పూడ్చుకొనలేదు.

మా ప్రాంతమున ఉగాది నాటికి మామిడి పిందె పట్టును, ఇప్ప పూవు రాలును. టేకు మాత్రము మోడై నిలుచును. తొలకరి వేళకు గాని ఆకు తొడుగదు. ఎండినదని దానిని నరుకువారు లేరు. ఎవరి ఋతువు వారిది. ప్రక్కవానితో పోల్చుకొని పండుగనాడు దుఃఖించు గృహస్థులు దీనిని గమనింతురు గాక.

కావున ఈ ఉగాదికి సంవత్సరమునకు సరిపడు పెద్ద ప్రతిజ్ఞలు వలదు. పూజావేళ లింగము నెదుట తన దోషమొకదానిని పేరుపెట్టి చెప్పుకొని, ఆ దినమునకు సరిపడు చిన్న నియమము గైకొనిన చాలును. నా నియమము ఇపుడు మారినది: కారణ మడుగకముందు కోపగింపను. కొన్ని దినములు నిలుపుకొందును, కొన్ని దినములు ఓడుదును. ఓడిననాడు ఆ పిల్లవానికి ముందుగా ఒప్పుకొని, మరునాడు మరల ఒకటి నుండి ఎంచుకొందును. నాటి కోయ బాలుడు మరల చేయి యెత్తలేదు. తరువాతి పిల్లలలో కొందరు ఎత్తుచున్నారు.