మారుట ద్రోహమగునా?

సంఘము మారవలెనని ప్రతిదినము కోరు మనము, మనకు ప్రియమైనది మాత్రము మారగూడదని యేల కోరుదుము? ఈ ప్రశ్న నాకు స్వీడను దేశపు సంగీత బృందమొకదాని చరిత్రమును పరిశీలించుచుండగా పుట్టినది.

ఆ బృందము పేరు ఓపెత్. 1990 ప్రాంతమున స్టాక్‌హోము నగరములో కొందరు యువకులు దీనిని నెలకొల్పిరి. స్థాపకుడైన డేవిడ్ ఇస్బెర్గు రెండు మూడేండ్లకే వీడిపోయెను. నాటినుండియు పాటలు కట్టుచు, పాడుచు, బృందమును నడపుచున్నవాడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్. వీరు మొదట డెత్ మెటల్ అను సంగీతమునకు చెందినవారు. అందు గాయకుడు గొంతు బిగించి, మృగము గర్జించినట్లు మాటల నుచ్చరించును. తొలిసారి వినువాడు చెవులు మూసికొనుట సహజము. కాని వీరి గర్జనల నడుమ మెత్తని గిటారు నాదమును, నిర్మలమైన గానమును వినవచ్చుచుండెను. 1996లో వెలువడిన రెండవ సంపుటములో నొక్క పాటయే యిరువది నిమిషములు సాగును. ఈ దీర్ఘమైన కట్టుబడి ప్రోగ్రెసివ్ రాక్ అను సంప్రదాయమునుండి వచ్చినది. 1960వ దశాబ్దపు చివర నింగ్లండులో కొందరు శాస్త్రీయ సంగీతమునుండియు, జాజ్ నుండియు పోకడలను దెచ్చుకొని, మూడు నిమిషముల పాట హద్దును దాటిరి. ఆ దాటినవారి మార్గమే యిది.

2001లో ఇంగ్లీషు సంగీతకారుడగు స్టీవెన్ విల్సన్ సాయముతో చేసిన బ్లాక్‌వాటర్ పార్క్ అను సంపుటము వీరికి గొప్ప కీర్తి దెచ్చెను. 2003లో వచ్చిన డామ్నేషన్ అను సంపుటములో గర్జన బొత్తిగా లేదు. దానిని జనులొక వినోదముగా నెంచి సహించిరి. 2008 తరువాత ఓకర్‌ఫెల్ట్ పాత పద్ధతిలోనే కొన్ని పాటలు కట్టి, తన బృందములో బాస్ గిటారు వాయించు మార్టిన్ మెండెజ్‌కు వినిపించెను. మరల నిట్టిదే చేసినచో తనకు నిరాశ కలుగునని మెండెజ్ నిర్మొగమాటముగా జెప్పెను. ఓకర్‌ఫెల్ట్ ఆ పాటలను పారవైచి మొదటినుండి యారంభించెను. ఫలితము 2011లో వచ్చిన హెరిటేజ్, అనగా వారసత్వము. అందు గర్జన లేదు. 2014, 2016, 2019 సంవత్సరముల సంపుటములలోను లేదు.

అభిమానులలో పలువురు నొచ్చుకొనిరి. కొందరు ద్రోహమనిరి. వారి పక్షమును దేలికగా ద్రోసివేయరాదు. దుఃఖకాలమున నెవనికో యా గర్జనయే యోదార్పు. తన యౌవనమునంతయు నా పాటలతో బెనవేసికొన్నవాడు, అవి యిక రావని తెలిసినప్పుడు బాధపడుట న్యాయమే. ఆదరించిన మాకు గాయకుడు ఋణపడియుండలేదా యని వారి ప్రశ్న.

ఋణపడియున్నాడు. కాని యేమి ఋణపడియున్నాడో విచారింపవలెను. శ్రోత యతనివద్ద మొదట గ్రహించినది యొక శబ్దమునా, ఆ శబ్దము వెనుకనున్న శ్రద్ధనా? హృదయము వేరొకచో నుండగా గొంతు మాత్రము గర్జించుచుండినచో, చెవికది పాత పాటవలెనే యుండును. కాని శ్రోతకు ముట్టునది చెల్లని నాణెము. మోసమను మాట దానికే తగును. ఇష్టుని మెప్పుకంటె నతని సత్యమును గోరిన మెండెజ్ ఆనాడు మిత్రధర్మమును నెరవేర్చెను.

అట్లని మార్పెల్ల మంచిదనుట నా యభిప్రాయము గాదు. కొత్త యను మోజుచే మారువారును, లాభము కొరకు మారువారును లోకమున గలరు. వీరిని గుర్తించుటకు నాకు రెండు పరీక్షలు తోచుచున్నవి. మార్పువలన మారినవానికి గొంత నష్టము గలిగెనా? అతడు తన గతమును దూషింపక మారెనా? ఓకర్‌ఫెల్ట్ ఈ రెంటను నిలిచెను. సిద్ధముగానున్న మెప్పును వదలుకొనెను. కొత్త సంపుటములలో గర్జన లేకున్నను, తరువాతి యేండ్ల కచేరీలలో పాత పాటలను పాత కంఠముతోనే పాడుచు వచ్చెను. 2019 నాటి సంపుటమును తన మాతృభాషయగు స్వీడిషులోను, ఇంగ్లీషులోను రెండు విధముల వెలువరించెను.

తుదకు 2024లో గర్జన మరల వచ్చెను. ఆ సంపుటము పేరు ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాతి కాలమున నొక ధనిక గృహస్థు మరణింపగా, అతని వీలునామాను బిడ్డలయెదుట చదువుదురు. దాచిన కుటుంబ రహస్యములు బయటపడును. ఇదియే కథ. సమాధినుండి బిడ్డలను శాసించు నట్టి తండ్రికి గర్జనకంటె దగిన కంఠమేది? అవసరము కలిగిననాడు పాత కంఠము పిలువగనే వచ్చినది. ఎవరును దానిని చంపియుండలేదు.

ఇక మన యిండ్లను జూతము. ముప్పది యేండ్లు మడి గట్టిన తల్లి యా నియమమును సడలించినచో సంస్కారవంతుడగు కుమారుడు సంతోషించును. ఆమెయే తాను నిత్యము పాడు మంగళహారతులను మాని, ముదిమిలో వేరొక సంగీతము నేర్వబూనినచో, "అమ్మ మునుపటివలె లేదు" అని చిన్నబుచ్చుకొనును. మొదటి మార్పు అతని మతమునకు నచ్చినది. రెండవది యతని బాల్యమును దాకినది. మన సంస్కరణాభిలాష ఎంతవరకు నిజమో యిట్టిచోటనే తేలును. ఆ తల్లి మనకు పాటలు పెట్టెనే గాని, తన గొంతును మనపేర వ్రాసియియ్యలేదు. వినిన పాటలకు గృతజ్ఞులమై, పాడనున్న పాటకు చోటిచ్చుట మన ధర్మము.