ఏ గ్రూపు?

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినములలో మన గ్రామములలోని విశ్వాసుల గృహములందు ఒకే ప్రశ్న వినబడుచుండును: "ఏ గ్రూపు?" బంధువులు అడుగుదురు, పొరుగువారు అడుగుదురు, ఆరాధన ముగిసి చెప్పులు తొడుగుకొనుచు సంఘపెద్దలును అడుగుదురు. పదునైదేండ్ల బిడ్డ "ఇంకను తేల్చుకొనలేదండి" అనినయెడల, అది ఇంటికి తలవంపులన్నట్లు తలిదండ్రులు ముందుకు వచ్చి, "డాక్టరు చదివించుచున్నాము" అని తామే జవాబు చెప్పెదరు. బిడ్డ మౌనముగా నిలుచుండును. ఆ మౌనమును గూర్చి మనము కొంచెము ఆలోచింపవలసియున్నది.

ఏమి కావలెనో తెలియకయే కాలేజీలో చేరుట తప్పా? తప్పేయని మనలో అనేకుల తలంపు. ప్రార్థించు కుటుంబములోని బిడ్డకు దేవుని చిత్తము తెలిసియుండవలెను గదా అందురు. తెలియనప్పుడు కొందరు చీట్లు వేయుదురు. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి. అని మూడు కాగితపు ముక్కలపై వ్రాసి, బైబిలు క్రింద పెట్టి, ప్రార్థనచేసి, చంటిబిడ్డచేత ఒకటి తీయింతురు. వారిని మేము ఎగతాళి చేయము. ఎవరును చదువుకొనని యింటిలో మొదటి బిడ్డ కాలేజీకి పోవుచున్నప్పుడు కలుగు భయము చిన్నది కాదు. అయితే మత్తీయను ఏర్పరచుటకు చీట్లు వేసిన అపొస్తలులు, పరిశుద్ధాత్మను పొందిన తరువాత మరల అట్లు చేసినట్లు అపొస్తలుల కార్యములలో ఎక్కడను కనబడదు. పదునైదవ అధ్యాయములో వారు కూర్చుండి వాదించుకొనిరి. చీటీ మనకు ఆలోచించు శ్రమను తప్పించును. దాని ఆకర్షణ అదియే. రెండేండ్ల తరువాత బిడ్డ భౌతికశాస్త్రములో తప్పినయెడల ఎవరిని అడుగవలెను? మనము మోయవలసిన బరువును దేవునిపై నెట్టి, దానికి విశ్వాసమని పేరు పెట్టుచున్నాము.

గమ్యము తెలియకయే ప్రయాణమైన అబ్రాహామును ఈ సందర్భమున బోధకులు తరచుగా చూపుదురు. ఆ పోలిక ఇక్కడ సరిగా అమరదని మా అభిప్రాయము. అబ్రాహాము పిలుపు విన్నవాడు. మన విద్యార్థి ఇంకను ఏమియు వినలేదు. పదునారవ అధ్యాయములోని పౌలు వానికి దగ్గరివాడు. ఆసియలో వాక్యము చెప్పబోగా ఆటంకము కలిగెను. బితూనియకు పోజూడగా అదియు మూయబడెను. త్రోయకు దిగి వచ్చిన తరువాతనే మాసిదోనియ దర్శనము కలిగెను. దర్శనము వచ్చువరకు ఇంటనే కూర్చుండినయెడల ఆయన త్రోయకు చేరియుండడు.

మన దేశములోనే ఒక దృష్టాంతమున్నది. 1866లో ఒంగోలుకు వచ్చిన జాన్ క్లౌ దొరగారు యౌవనమున అమెరికాలో భూమి కొలుచు సర్వే జట్టుతో పనిచేసిరి. అది మిషనెరీ కాగోరువాడు నేర్చుకొను విద్య కాదు. 1876–78 సంవత్సరముల ఘోరమైన కరవులో బకింగ్‌హాం కాలువ త్రవ్వకమునందు మూడున్నర మైళ్ల భాగమును ఆయన కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలాదిమందికి కూలి చూపగలిగిరి. ఆ నాటి సర్వే అనుభవమే అక్కడ అక్కరకు వచ్చెను. అమెరికాలో గొలుసు పట్టుకొని నడిచిన దినములలో ఒంగోలు పేరైనను ఆయన వినియుండిరో లేదో.

అట్లని తేల్చుకొనని వాడు ఊరక తిరుగవచ్చునని కాదు. తల్లి కూలి డబ్బు, తండ్రి కౌలుచేను మీది అప్పు కలిసి కాలేజీ ఫీజగుచున్నవి. ధనికుని బిడ్డవలె నాలుగేండ్లు వెదకుకొనుటకు మనకు వీలులేదు. ఏమి కావలెనో తెలియకపోవచ్చును; రేపటి పాఠము ఏదో తెలియును గదా.

దారుల సంగతియు తలిదండ్రులు ఎరిగియుండుట మంచిది. ఎం.పి.సి. చదివినవాడు తరువాత బి.ఏ., బి.కామ్.లలో చేరవచ్చును, సి.ఇ.సి. చదివినవాడు బి.టెక్.లో చేరజాలడు. పాలిటెక్నిక్ డిప్లొమా ముగించినవాడు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో ప్రవేశింపవచ్చును. ఏ డిగ్రీయైనను ఉన్నవాడు మూడేండ్ల న్యాయశాస్త్రమునకు, సివిల్ సర్వీసు పరీక్షకు పోవచ్చును. కాబట్టి పదునైదేండ్లకే సమస్తము ముగిసిపోదు. అయితే తలుపులు ఎక్కువ తెరిచియుండునని, లెక్కలనగానే వణకు బిడ్డను ఎం.పి.సి.లో త్రోయుట అన్యాయము. తప్పిన పరీక్షకు అవతలనున్న తలుపు తెరిచియున్నను ఏమి ప్రయోజనము?

2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన తరువాత ఇరువది మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. వారిలో ఒక్కొక్కరి హృదయములో ఏమున్నదో మనకు తెలియదు. కాని ఒక పరీక్షమీద ఒక జీవితమంతటిని వ్రేలాడదీయు మాటలు మన యిండ్లలోను వినబడుచునేయున్నవి.

(గర్భమందే దేవుని సేవకు మ్రొక్కుబడి చేయబడిన బిడ్డల సంగతి వేరు, దానిని గూర్చి మరియొకసారి వ్రాసెదము.)

ఈ యేడు సంఘపెద్దలు ఆ పాత ప్రశ్నను మాని, "నీకు ఏ పాఠము చదువునప్పుడు నిద్రరాదు నాయనా?" అని అడిగి చూతురుగాక. జవాబు వెంటనే రాకపోవచ్చును. తలిదండ్రులు ప్రక్కన లేనప్పుడు అడిగినయెడల మరి మంచిది. కాలేజీలో చేరిన మొదటి వారములలో బిడ్డ గ్రూపు మార్చుకొనగోరినయెడల, కోపపడక వెంటనే ప్రిన్సిపాలుగారియొద్దకు వెళ్లి అడుగవలెను. ప్రవేశముల గడువు దాటిన తరువాత అది బహు కష్టము.